వైజాగ్ తేమలో రికార్డులా, ఫోన్లో లాస్‌లెస్ పాటలా?

పెదవాల్తేరు_ప్రసాద్
ఇంట్లో వందకు పైగా రికార్డులున్నాయి. సగం 45 ఈపీలు (చిన్నవి), కొన్ని ఎల్పీలు (పెద్దవి), ఒక కట్ట 78లు (పాత లక్క రికార్డులు). ఈ అంకెలు నిమిషానికి ఎన్ని చుట్లో. చాలావాటి మీద తెల్లటి బూజు చుక్కలు. అమెరికా నుంచి బంధువులు పాత బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (బెల్టుతో తిరిగే రికార్డు ప్లేయర్) తెచ్చిపెట్టారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తిరుగుతోంది గానీ ఘంటసాల గారి గొంతు మరీ బొంగురుగా, నిదానంగా వస్తోంది. పైగా సౌండ్ సన్నగా, బేస్ లేకుండా ఉంది. అవే పాటలు ఫోన్లో లాస్‌లెస్‌గా, అంటే నాణ్యత తగ్గని ఫైళ్లుగా దొరుకుతున్నాయి. ఇంత తంటా పడి రికార్డులు వినడంలో అర్థం ఉందా? వినైల్ (రికార్డు ప్లాస్టిక్) సౌండ్ నిజంగా మెరుగా, వట్టి మోజా? ఇల్లు సముద్రానికి దగ్గర. తెలిసినవాళ్లు చెప్పండి.

బిట్‌రేట్_బాబ్జీ
మోజే. సీడీ అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమంతా, సుమారు 96 డెసిబెల్ రేంజిలో పట్టేస్తుంది. ఎల్పీ ఎంత బాగా అచ్చేసినా 60-70 డెసిబెల్ దగ్గర ఆగుతుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, వయసు మీద పడితే 15 కూడా కష్టమే. రికార్డుల అట్టలు ఫ్రేము కట్టించుకోండి, పాటలు ఫోన్లో వినండి.

గాజువాక_గిరి
గొంతు నిదానంగా వస్తుందంటే ఏటుంది, బెల్టు సాగిపోయుంటాది. మార్చేయండి.

ముల్లు_మాస్టారు
గిరి గారూ, బెల్టు సాగితే స్పీడు ఊగుతుంది, ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అవుతుంది. ప్రసాద్ గారిది ఒకే తీరుగా నిదానం అయితే కారణం వేరే. అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఆవృత్తులు). ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దించుతుంది, హెర్ట్జ్‌ని ముట్టుకోదు. పాత ప్లేయర్లలో ఏసీ సింక్రనస్ మోటారు ఉంటుంది, దాని స్పీడు హెర్ట్జ్‌ని బట్టే. కాబట్టి అన్నీ ఆరింట అయిదో వంతు స్పీడుకి పడిపోతాయి. నిమిషానికి 33⅓ చుట్లు (ఎల్పీ స్పీడు) తిరగాల్సింది 27.8, 45 తిరగాల్సింది 37.5.

చూసుకోవడం తేలిక. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు మీద ముల్లు ఆనించి, 3 నిమిషాలు లెక్కపెట్టండి. 33⅓లో సరిగ్గా 100 చుట్లు రావాలి. 83 దగ్గర ఆగితే హెర్ట్జ్ గొడవే. 95, 97 అలా వస్తే అప్పుడు బెల్టో, ఎండిపోయిన బేరింగో. మోటారు మీదో ప్లేయర్ వెనకో రేకు ఉంటుంది, దాని మీద ఏం రాసుందో కూడా చూడండి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు మోడళ్లకి ఈ బాధ లేదు.

స్ట్రోబోస్కోప్ డిస్క్ (స్పీడు సరిచూసే గీతల బిళ్ల) వాడే పనైతే 50 హెర్ట్జ్‌ది వాడాలి. 33⅓కి 180 గీతలు ఉండేది మనది, 216 గీతలది అమెరికాది. దాన్ని ఇంట్లో ఎల్ఈడీ లైటు కింద చూస్తే చాలాసార్లు ఏమీ కనబడదు, డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ మినుకు చాలదు. పాత ఫిలమెంటు బల్బో నియాన్ దీపమో ఉండాలి.

తంబుర_లలిత
ఆరింట అయిదు అంటే సరిగ్గా మూడు స్వరస్థానాలు కిందికి. అయిదు శృతి పాట మూడు శృతిలో వినబడుతుంది. లయ కూడా అంతే నిదానిస్తుంది. బొంగురుగా ఉందనడం చెవి మాయ కాదు ప్రసాద్ గారూ, సరిగ్గానే పట్టారు.

బిట్‌రేట్_బాబ్జీ
చూశారుగా. ఫోన్లో ఈ తలనొప్పి ఒక్కటీ లేదు.

తంబుర_లలిత
ఎందుకు లేదు బాబ్జీ గారూ? ఒకే పాత పాటని రెండు యాప్‌లలో పెట్టి తంబుర పక్కన వినండి. ఒకటి పావు స్వరం పైన, ఇంకొకటి కింద ఉండేవి ఎన్నో. ఎక్కించినప్పుడు టేపు స్పీడు ఎవరూ చూడలేదు, అంతే. ఇంకా బాధ కలిగించేది గరగర తీసే పేరుతో చేసేది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893-1964) 78ల కాపీలు నెట్‌లో వినండి. నాయిస్ రిడక్షన్ గట్టిగా పట్టించిన వాటిలో కమాను తీగ మీద ఆనేటప్పటి ఆ సన్నటి రాపిడి పోయి, ఫ్లూటు వాయించినట్టుంటుంది. గమకం చివర స్వరం కొనసాగాల్సిన చోట నీళ్లలో మునిగినట్టు బుడబుడమంటుంది. కళాభారతిలో వయొలిన్ కచేరీ దగ్గర కూర్చుని విన్నవాళ్లకి అది వెంటనే తెలుస్తుంది. గరగర భరించొచ్చు, ఇది భరించలేం.

ముల్లు_మాస్టారు
అదే అసలు సంగతి. గిన్నె ఎంత పెద్దదన్నది తర్వాత, అందులో ఏం పోశారన్నది ముందు. లాస్‌లెస్ అంటే ఇచ్చిన ఫైల్ చెడకుండా మీ దాకా వస్తుందని హామీ, అంతే. ఇచ్చిందే అరిగిన కాపీ అయితే ఆ అరుగుదల కూడా లాస్‌లెస్‌గానే వస్తుంది.

రుషికొండ_రవి
ఇంకో మాట. డిజిటల్ అంటే శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి మెట్లలాగా పేర్చడం. రికార్డు గాడి ఒకటే ధార. ఆ నిండుదనం, ఆ వెచ్చదనం అందుకే. ఎన్ని బిట్లు పెట్టినా మెట్టు మెట్టే.

బిట్‌రేట్_బాబ్జీ
రవి గారూ, ఆ మెట్ల బొమ్మ సాఫ్ట్‌వేర్ తెర మీద కనబడేది. వైరులోకి వచ్చేది అది కాదు. డాక్ (డిజిటల్‌ని తిరిగి తరంగంగా మార్చే భాగం) చివర ఫిల్టర్ ఉంటుంది, బయటికి వచ్చే తరంగం నున్నగానే ఉంటుంది. శాంప్లింగ్ రేటులో సగం లోపు ఫ్రీక్వెన్సీలు ఏమీ పోకుండా తిరిగి వస్తాయి, మధ్యలో ఖాళీలుండవు. ఇది అభిప్రాయం కాదు, ఆసిలోస్కోప్ పెట్టి చూడొచ్చు. పైగా మీరు ఒకటే ధార అంటున్న ఎల్పీల్లో 1970ల చివరి నుంచి ఎన్నో, గాడి కోసేటప్పుడు డిజిటల్ డిలే (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చి కాస్త ఆపి ఇచ్చే పరికరం) గుండా వెళ్లినవే. ఇప్పుడు కొత్తగా అచ్చయ్యేవి చాలావరకు డిజిటల్ ఫైల్ నుంచే. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ వాళ్ల రికార్డులు పూర్తిగా అనలాగ్ అనుకుని కొన్నారు జనం, మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా వాటిని పొగిడిన చెవులే అవి.

ముల్లు_మాస్టారు
వెచ్చదనం ఉంది రవి గారూ, కారణం మాత్రం అది కాదు. రికార్డు కోసేటప్పుడు లోతైన బేస్ రెండు చానళ్లలో ఒకేలా ఉండేలా కలుపుతారు, లేకపోతే ముల్లు గెంతుతుంది. మరీ పదునైన పై శబ్దాలు తగ్గిస్తారు. కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటుగా మార్చే భాగం) కొంచెం డిస్టార్షన్ కలుపుతుంది, అది చెవికి ఇంపుగానే ఉంటుంది. నచ్చితే తప్పేం లేదు. కానీ అది రికార్డు చేర్చిన రుచి, పాటలో మొదటినుంచీ ఉన్నది కాదు.

రుషికొండ_రవి
సరే, మెట్ల మాట వదిలేస్తా. కానీ ఇది ఒప్పుకోండి. 1990ల తర్వాత సీడీల్లో వాల్యూమ్ పెంచడం కోసం పాటనంతా నొక్కి పారేశారు. మెల్లటి చోటు, గట్టి చోటు ఒకే ఎత్తు. అదే పాట ఎల్పీలో గాలి పీల్చుకున్నట్టుంటుంది. 96 డెసిబెల్ ఇచ్చినా 8 డెసిబెల్ వాడుకుంటే ఏం లాభం?

బిట్‌రేట్_బాబ్జీ
ఇది నూటికి నూరు ఒప్పుకుంటా. తప్పు ఫార్మాట్‌ది కాదు, మాస్టరింగ్ (అచ్చుకి ముందు పాటని చివరిగా తీర్చిదిద్దడం) చేసినవాళ్లది.

ఉప్పుగాలి
వాదన తర్వాత, ముందు బూజు సంగతి. ఆ చుక్కలతో రికార్డు పెడితే ముల్లు పాడు, గాడి పాడు. పక్కనున్న మంచి రికార్డులకీ అంటుతుంది.

బూజు తినేది ముఖ్యంగా అట్టని, కాగితం కవరుని, మన వేళ్ల జిడ్డుని. వినైల్ మీద పైన కూర్చుంటుంది. ఏళ్లు గడిస్తే గాడిలో మచ్చ దిగుతుంది, అది ఇక పోదు.

ఎల్పీలు, ఈపీలకి (78లకి కాదు):

ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో పొడి బూజు దులపండి. ఏసీ గదిలో దులిపితే గదంతా పట్టిస్తారు.

లీటరు ద్రావణానికి 150 నుంచి 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (99 శాతంది), మిగతా డిస్టిల్డ్ వాటర్, రెండు మూడు చుక్కలు రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు ద్రవం. అంతకు మించి సబ్బు వేస్తే గాడిలో పొర కట్టి సర్రుమంటుంది.

మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా ఎప్పుడూ వద్దు. లేబుల్ మీద చుక్క పడనివ్వకండి, పాత లేబుళ్ల రంగు దిగిపోతుంది. రెండు నిమిషాలు నాననిచ్చి మళ్లీ తుడిచి, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగాలి. ఈ కడగడం మానేసేవాళ్లే ఎక్కువ, గరగర తగ్గలేదని ఏడ్చేదీ వాళ్లే. గిన్నెల స్టాండులో నిలువుగా పెట్టి నీడలో రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఎండ తగిలితే వంగిపోతుంది.

పాత లోపలి కవరు పారేయండి, మళ్లీ అందులో పెడితే నెల తిరక్కుండా బూజు. కొత్తది పాలిథీన్ లోపొర ఉన్నది కొనండి. మెత్తగా వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు, వాటి ఆవిరికి రికార్డు మీద మబ్బు పట్టినట్టు పొర కడుతుంది. బయటి అట్టని మాత్రం పారేయకండి, పొడి బ్రష్‌తో దులిపి గాలి తగిలే నీడలో ఆరబెట్టండి.

గాజువాక_గిరి
డిస్టిల్డ్ వాటర్ అంటే పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు సరిపోతాయా? కుళాయి నీళ్లతో ఏటి నష్టం?

ఉప్పుగాలి
సీలు వేసిన బ్యాటరీ నీళ్లు సరిపోతాయి. పొరపాటున యాసిడ్ డబ్బా తెచ్చుకోకండి, పక్కపక్కనే ఉంటాయి. కుళాయి, బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి. ఆరాక అవి గాడిలో పొడిగా మిగిలి చిటపట పెంచుతాయి. కెటిల్ అడుగున కట్టే తెల్ల పొక్కు చూశారుగా, అదే.

దాచడం గురించి కూడా. గదిలో తేమ 50 శాతం దగ్గర ఉండాలి. మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు 70 దాటే ఉంటుంది. కాబట్టి చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) కొని బీరువాలో పెట్టండి. సముద్రం వైపు గోడకి బీరువా ఆనించొద్దు, వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లుతుంది. రికార్డులు నిలువుగా, వాలకుండా. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి వంగుతాయి. సిలికా జెల్ రంగు మారాక పారేయక్కర్లేదు, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనిచేస్తుంది. కలరా ఉండలు వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు. 2014 హుద్‌హుద్‌లో నేల మీద పెట్టినవే ముందు తడిశాయి, కింది అర నేలకి అడుగు ఎత్తులో ఉండాలి.

అక్కయ్యపాలెం_78
ఉప్పుగాలి గారు "78లకి కాదు" అన్నది పెద్ద అక్షరాల్లో చదువుకోండి. 78లు లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది, గాడి నున్నబడి పాట పోతుంది. డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే తుడిచేయడం. నానబెట్టొద్దు, నెరె ఉంటే నీళ్లు లోపలికి దిగుతాయి. ఎత్తేటప్పుడు రెండు చేతులు, చేయి జారితే ముక్కలే.

ఎల్పీ ముల్లుతో 78 పెట్టొద్దు. ఎల్పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 65-75 కావాలి. సన్న ముల్లు అడుగునున్న మురికిలో దొర్లుతుంది, శబ్దమంతా గరగర. మార్చుకునే ముల్లు ఉన్న కార్ట్రిడ్జ్ కొంటే 78 ముల్లు విడిగా దొరుకుతుంది, లాగి తగిలించుకోవడమే. అన్నట్టు, బాకా గ్రామఫోన్ ఇంట్లో ఉంటే దాని మీద ఎల్పీ ఎప్పుడూ పెట్టొద్దు. ఆ సౌండ్‌బాక్సు బరువు వంద గ్రాములు పైమాటే, ఉక్కు ముల్లు. ఒక్క చుట్టుతో రికార్డు చచ్చిపోతుంది.

పెదవాల్తేరు_ప్రసాద్
మాస్టారు గారూ, రేకు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అనే ఉంది. 3 నిమిషాలకి 83 చుట్లు. ఏం చెయ్యాలి? ఆంప్లిఫయర్‌లో ఆక్స్ అని ఉన్నదానికి తగిలించాను.

సీతమ్మధార_సర్క్యూట్
సన్నటి సౌండ్‌కి కారణం ఆ ఆక్సే. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4-5 మిల్లీవోల్టులు. ఆక్స్ అడిగేది కొన్ని వందల మిల్లీవోల్టులు. ఒక్క వాల్యూమ్ సంగతే కాదు. రికార్డు కోసేటప్పుడు బేస్ దాదాపు 20 డెసిబెల్ తగ్గించి, పైది 20 పెంచి కోస్తారు. 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ కర్వ్ అది. దాన్ని తిరగేసేది ఫోనో స్టేజి. ఆంప్లిఫయర్‌లో ఫోనో అని లేకపోతే విడిగా చిన్న పెట్టె కొనాలి, 47 కిలోఓమ్ లోడ్ ఉన్నది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఒంటి వైరుని ఫోనో స్టేజి ఎర్త్ స్క్రూకి బిగించండి, లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ మోగుతూనే ఉంటుంది. బిగించినా మోగితే ట్రాన్స్‌ఫార్మర్‌ని కార్ట్రిడ్జ్‌కి రెండు మూడు అడుగుల దూరం జరపండి. సముద్రపు గాలికి ఆర్సీఏ పిన్నులు పచ్చబడతాయి, ఒక చానల్ వచ్చీపోయీ ఉంటే ముందు అక్కడ కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

స్పీడుకి మూడు దార్లు. 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు మీద బెల్టు తిప్పే చక్రం) దొరికితే అది. దొరక్కపోతే చేయించడం. లేదా 60 హెర్ట్జ్ ఇచ్చే ప్యూర్ సైన్ సప్లై పెట్టడం, అది అన్నిటికన్నా ఖర్చు.

గాజువాక_గిరి
పుల్లీ చేయించడానికి ఆటోనగర్ ఉంది కదా, ఇత్తడిలో లేత్ మీద తిప్పేస్తారు. 20 శాతం పెంచితే చాలు కదండీ?

సీతమ్మధార_సర్క్యూట్
ఉత్తినే 20 శాతం పెంచితే కొంచెం తేడా వస్తుంది, బెల్టు మందం కలపాలి. పుల్లీ 10 మిల్లీమీటర్లు, బెల్టు అర మిల్లీమీటరు అనుకోండి. రెండూ కలిపి 10.5, ఇంటూ 1.2 అంటే 12.6, అందులోంచి మళ్లీ అర తీస్తే 12.1. 33కీ 45కీ రెండు మెట్లూ ఇలాగే. ముఖం చదునుగా తిప్పించొద్దు, మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బు ఉండాలి. లేకపోతే బెల్టు జారి కిందికి దిగుతుంది. షాఫ్టు రంధ్రం బిగుతుగా, సరిగ్గా నడిమధ్యలో ఉండాలి. ఒక పిసరు పక్కకి పోయినా వీణ, వయొలిన్ రికార్డుల్లో స్వరం వణుకుతుంది. వెర్నియర్ (సూక్ష్మంగా కొలిచే పనిముట్టు) పట్టుకుని దగ్గరుండి చేయించండి.

మధురవాడ_మోనో
పుల్లీ అయ్యేలోపు రికార్డింగ్ మొదలుపెట్టొచ్చు. ఫోనో స్టేజి నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి ఆడాసిటీకి (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్). 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్. అతి గట్టి చోటు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా లెవెల్ పెట్టండి, ఎర్ర గీత తాకితే ఆ ముక్క పోయినట్టే. నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు, 20 నిమిషాల సైడు 700 దాకా. ఫ్లాక్‌లోకి (లాస్‌లెస్ ఫైల్ రకం) మారిస్తే బాగా తగ్గుతుంది, నాణ్యత పోదు.

నిదానంగా తిరిగినదాన్ని స్పీడు, పిచ్ రెండూ కలిసి మారే ఎఫెక్ట్‌తో 1.2 రెట్లు చెయ్యండి. పిచ్ ఒక్కటే మార్చేది వాడితే లయ నిదానంగానే ఉండిపోతుంది. ఒక చిక్కుంది. ఫోనో స్టేజి కర్వ్ అప్పటికే తప్పు స్పీడులో పడి ఉంటుంది కాబట్టి కొన్నిచోట్ల ఒకటి, ఒకటిన్నర డెసిబెల్ తేడా మిగులుతుంది. వినడానికి ఫర్వాలేదు. భద్రపరచడానికైతే పుల్లీ వచ్చాక మళ్లీ ఎక్కించండి.

పాత తెలుగు రికార్డులు ఎక్కువ మోనో, అంటే ఒకే చానల్. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో ఎక్కించి రెండు చానళ్లూ కలిపి మోనో చెయ్యండి. మోనో గాడిలో పాట అడ్డంగా మాత్రమే కదులుతుంది. ముల్లు పైకీ కిందికీ ఊగి వచ్చే రొద రెండు చానళ్లలో ఎదురెదురుగా ఉండి, కలిపినప్పుడు కొట్టుకుపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ లేకుండానే సగం గరగర పోయినట్టుంటుంది. ఆ తర్వాత మిగిలిన పెద్ద టక్కుల్ని చేత్తో ఒక్కొక్కటీ తియ్యండి. నాయిస్ రిడక్షన్ జోలికి పోవద్దు, లలిత గారు చెప్పింది అదే. ముట్టుకోని ఒరిజినల్ ఫైల్ ఎప్పుడూ విడిగా ఉంచండి.

బిట్‌రేట్_బాబ్జీ
ఇది పద్ధతి. రికార్డు ఒక్కసారి మంచి ముల్లుతో ఎక్కించి, తర్వాత జీవితమంతా ఫైల్ వినండి. ముల్లు తాకిన ప్రతిసారీ గాడి ఎంతో కొంత అరుగుతుంది. ఫైల్ అరగదు.

ఉప్పుగాలి
ఫైల్ అరగదు, డిస్క్ చస్తుంది. ఇంట్లో రాసుకున్న సీడీలు పదిహేనేళ్ల తర్వాత ఎన్ని తెరుచుకుంటున్నాయో చూడండి. ఉప్పు గాలికి హార్డ్‌డిస్క్ బోర్డు కాంటాక్టులూ పాడవుతాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఊరికి అవతల. తుపాను వస్తే రెండు వీధుల అవతల పెట్టింది కూడా లెక్కలోకి రాదు.

రుషికొండ_రవి
ఎక్కించండి, మంచిదే. రికార్డుని బీరువాలో పాతిపెట్టేయడం మాత్రం నాకు నచ్చదు. సరైన బరువుతో, శుభ్రమైన ముల్లుతో పెడితే గాడి వందల సార్లు తట్టుకుంటుంది. పాడు చేసింది పాత సూట్‌కేస్ ప్లేయర్లలో 5 గ్రాముల పైన బరువేసిన అరిగిన ముళ్లు. ఒక సైడు పూర్తిగా కూర్చుని వినడం ఫోన్లో జరగదు.

బిట్‌రేట్_బాబ్జీ
అలా కూర్చోవడం మీ అలవాటు రవి గారూ. ఫోన్‌ని పక్కన పెట్టి కూడా కూర్చోవచ్చు.

తంబుర_లలిత
మాస్టారు గారూ, సైడులో చివరి పాటకి వచ్చేసరికి "స", "ష" అక్షరాలు చిట్లుతాయి. రికార్డు అరిగినట్టేనా?

ముల్లు_మాస్టారు
అరుగుదల కావచ్చు, కానీ ముందు సెట్టింగ్ చూడాలి. ఎల్పీ బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి అంచున 21. అదే శబ్దం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది, చిట్లేది అక్కడే. ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల కాగితం) ప్రింట్ తీసి కార్ట్రిడ్జ్ కోణం సరిచేయండి. ప్రింటర్‌లో నూటికి నూరు సైజే రావాలి, స్కేలుతో కొలిచి చూసుకోండి.

తర్వాత ముల్లు బరువు. చిన్న డిజిటల్ కాటా కొనండి, ఆర్మ్ మీది అంకెల్ని నమ్మొద్దు. ఆడియో టెక్నికా వీఎం 95 ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు, 1.8 నుంచి 2.2 లోపల. భయంతో తక్కువ బరువు పెడితే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, తక్కువ బరువే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆంటీస్కేట్ (ఆర్మ్ లోపలికి లాగబడకుండా ఆపేది) అదే అంకెకి. ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు కొన) ముల్లు 300 గంటలు, గుండ్రటి కొనది 500 గంటలు అని కంపెనీ లెక్క. సెకండ్‌హ్యాండ్ ప్లేయర్‌తో వచ్చిన ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలియదు కాబట్టి మొదటి పని దాన్ని మార్చడం. ప్రసాద్ గారూ, ఇది మీకూ.

గాజువాక_గిరి
లాస్‌లెస్ పెట్టుకుని బ్లూటూత్ స్పీకర్లో వింటే ఏటి లాభం ఉంటాది?

బిట్‌రేట్_బాబ్జీ
ఉండదు. మామూలు బ్లూటూత్ మళ్లీ కుదించి పంపుతుంది. వైరు వేసి, చిన్న యూఎస్‌బీ డాక్ పెట్టి ఆంప్లిఫయర్ ఆక్స్‌కి ఇవ్వండి. ప్రసాద్ గారి ఆక్స్ ఖాళీ అవుతుందిగా, అక్కడికే.

పెదవాల్తేరు_ప్రసాద్
ముల్లు, ఫోనో పెట్టె ఆర్డరిచ్చాను. పుల్లీ కొలతలు తీస్తున్నా. ఎక్కించిన ఫైళ్లకి పేర్లు ఎలా పెట్టాలి? పాట పేరు చాలా?

అక్కయ్యపాలెం_78
చాలదు. ఒకే పాట 78లో ఒకసారి, ఈపీలో ఒకసారి, ఎల్పీలో ఇంకోసారి వచ్చి ఉంటుంది, మూడూ ఒకేలా ఉండవు. లేబుల్ మీది రికార్డు నంబరు, సైడు, స్పీడు ఫైల్ పేరులో పెట్టండి. ఇంకొకటి, పాట అయిపోయాక లేబుల్‌కి ముందు ఖాళీగా మెరిసే చోట గీసిన అంకెలుంటాయి, అది మ్యాట్రిక్స్ నంబరు. టార్చి పక్కవాటుగా వేస్తే కనబడుతుంది. అది కూడా రాసుకోండి. రెండు వైపులా లేబుల్ ఫొటో తీసి అదే ఫోల్డర్లో పడెయ్యండి. ఏ ముల్లు, ఎంత బరువు, ఏ ఫోనో స్టేజి, ఏ తేదీ అన్నవి ఒక టెక్స్ట్ ఫైల్లో. 78లకి కర్వ్ ఏది వాడారో తప్పకుండా రాయండి. 1954కి ముందు ఒక్కో కంపెనీది ఒక్కో కర్వ్, అది రాసి లేకపోతే తర్వాత ఎవరూ సరిచేయలేరు.